గోల్ఫ్ స్వింగ్‌లో చేతులు బిగుసుకుపోతుంటే: మన డెల్టాలో ప్రాక్టీస్ చేసేవాళ్ళ కోసం

"వదులుగా ఉండు" అని చెప్పగానే వదులైపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు. గోల్ఫ్ నేర్చుకునేవాళ్ళకి అందరూ మొదట చెప్పే మాట అదే. చెప్పాక కూడా వాళ్ళ భుజాలు చెవుల దగ్గరే ఉంటాయి, వేళ్ళ కణుపులు తెల్లబడేలా క్లబ్‌ని, అంటే బంతిని కొట్టే కర్రని, పట్టుకునే ఉంటారు. ఎందుకంటే ఒంట్లోకి బిగింపు ఊరికే రాదు. క్లబ్ జారిపోతుందేమోనని, నేలకి తగిలి మణికట్టు జివ్వుమంటుందేమోనని, బంతికి తగలకపోతే గట్టు మీద ఉన్నవాళ్ళు నవ్వుతారేమోనని, ఈసారైనా దూరం పోవాలని, ఇలా ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం ఏదో వెతికి తీసేస్తే చెయ్యి దానంతటదే వదులవుతుంది. దాన్ని అలాగే ఉంచి, టెన్షన్ పడకూడదు, టెన్షన్ పడకూడదు అనుకుంటూ కొడితే రెండు స్వింగ్‌లకి మించి నిలవదు.

మన వైపు, అంటే కోనసీమ, భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల, సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన అన్నయ్యో బావగారో వదిలి వెళ్ళిన క్లబ్బులతో కొబ్బరితోటలోనో, కోసిన చేలోనో ఆట మొదలుపెట్టినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అన్నీ కుడిచేతి వాటం వాళ్ళకి చెప్పినట్టే చెబుతాను, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి.

ముందు ఈ బిగింపు స్వింగ్‌ని, అంటే క్లబ్ ఊపే ఊపుని, ఎలా పాడుచేస్తుందో తెలుసుకోవాలి. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ని వెనక్కి ఎత్తేటప్పుడు, మణికట్టు మడుస్తాం, కిందికి వచ్చేటప్పుడు చివర్లో అది తెరుచుకుంటుంది, అలా తెరుచుకున్నప్పుడే క్లబ్ తల చేతుల్ని దాటి ముందుకి దూసుకెళ్తుంది. వేగమంతా అక్కడే ఉంది. పిడికిలి గట్టిగా బిగిస్తే ముంజేతిలో ముడిచే కండరాలూ చాచే కండరాలూ ఒకేసారి పట్టేసి ఒకదాన్నొకటి ఆపుకుంటాయి, మణికట్టు సరైన సమయానికి తెరుచుకోదు. అందుకే గట్టిగా పట్టుకుని గట్టిగా కొట్టినవాళ్ళ బంతి తక్కువ దూరం పోతుంది. పైగా క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే వైపు, కుడికి తెరిచే ఉండిపోయి బంతి కుడివైపుకి తిరిగిపోతుంది, స్లైస్ అనేది చాలామందికి ఇలాగే మొదలవుతుంది. ఇంకో సంగతి, క్లబ్బూ బంతీ కలిసి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. రూల్ ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములకి మించకూడదు. అంత తేలికైన వస్తువు మీద, అంత తక్కువ సమయంలో, చేతుల బలం వాడి మీరు కొత్తగా చేర్చగలిగేది ఏమీ లేదు. తగిలే ముందే క్లబ్ తల ఎంత వేగంగా వస్తోందన్నదే లెక్క.

ఇక కారణాల సంగతికొద్దాం. మన డెల్టాలో మొట్టమొదటి కారణం చెమట, ఇది చాలామందికి తట్టదు. ఏప్రిల్ నుంచి ఇక్కడి ఉక్కపోత మనకి తెలిసిందే, పది స్వింగ్‌లు అయ్యేసరికి అరచేయి తడిసిపోతుంది, క్లబ్ కాస్త జారుతుంది, ఒక్కసారి జారితే చాలు, ఆ తర్వాత మీరు వద్దనుకున్నా వేళ్ళు బిగిస్తూనే ఉంటాయి. ఇది మనసు బలహీనత కాదు, చెయ్యి తన పని తాను చేస్తోంది. కాబట్టి ముందు జారడం ఆపండి. తోలు గ్లవ్ తడిస్తే పనికిరాదు, రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడండి, తీసినదాన్ని గాలికి ఆరేయండి, ఎండలో పడేస్తే అట్టలా బిరుసెక్కుతుంది. వర్షంలో ఆడేవాళ్ళ కోసం తడిసినా పట్టు వదలని గుడ్డ గ్లవ్స్ అమ్ముతారు, మన ఎండాకాలానికి అవే బాగా పనికొస్తాయి. పాత క్లబ్బుల గ్రిప్, అంటే మనం పట్టుకునే చోట ఉండే తొడుగు, నున్నగా మెరుస్తోందంటే దాని పని అయిపోయినట్టే. ముందు సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టి చూడండి, అప్పటికీ జారితే గ్రిప్ మార్పించండి, నూలు పోగులు కలిపి చేసే కార్డ్ గ్రిప్ చెమట చేతులకి మంచిది. తలకి కొబ్బరినూనె రాసుకుని నేరుగా క్లబ్ పట్టుకునేవాళ్ళు ఒక్కసారి చేతులు సబ్బుతో కడుక్కుని చూస్తే తేడా వాళ్ళకే తెలుస్తుంది. నడుముకి ఒక తువ్వాలు కట్టుకోండి, ప్రతి స్వింగ్‌కి ముందు తుడుచుకోండి. డిసెంబరు, జనవరి మంచులో ఆడేవాళ్ళకీ ఇదే మాట, అప్పుడు చెమట బదులు మంచు తేమ.

రెండో కారణం నేల. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక మన నల్లమట్టి చేలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, నెర్రెలు తీసి రాయిలా ఉంటుంది. అందులో బంతి పెట్టి ఐరన్‌తో, అంటే పలకలాంటి లోహపు తల ఉన్న క్లబ్‌తో, కొడితే క్లబ్ నేలకి తగిలి ఆ దెబ్బ మోచేతిదాకా పాకుతుంది, రెండుసార్లు అలా జరిగాక ఎవరైనా సరే బంతి దగ్గరకి వచ్చేసరికి చేతులు బిగించి పైకి లాగేస్తారు. ఆ లాగడమే మీ టెన్షన్. దీనికి మందు మన ఊళ్ళోనే ఉంది: మందంగా నేసిన కొబ్బరిపీచు పట్టాలు రెండు ఒకదాని మీద ఒకటి వేసి, జారకుండా మూలల్లో మేకులు దిగ్గొట్టి, దాని మీద నుంచి కొట్టండి. క్లబ్ కాస్త వెనక తగిలినా పీచు మీద జారి పోతుంది. మొదట్లో ఐరన్‌కి కూడా బంతిని చిన్న టీ (బంతిని నేల మీద నుంచి ఎత్తి నిలిపే పుల్ల) మీద పెట్టడంలో తప్పేమీ లేదు, నేలకి కొడతానన్న భయం పోవడం ముఖ్యం. గోదావరి లంకల్లో ఇసుక నేలలు దగ్గరున్నవాళ్ళు అదృష్టవంతులు, అక్కడ బంతి లేకుండా ఇసుకని తాకుతూ స్వింగ్ చెయ్యడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

మూడో కారణం బంతి ఎవరికైనా తగులుతుందేమో అన్న భయం, దానికి మందు వల. చేపల చెరువుల్లో పట్టుబడికి వాడి పక్కన పడేసిన దట్టమైన వల దొరికితే రెండు పొరలుగా వేలాడదీసి నెట్‌లా వాడుకోవచ్చు. చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే పల్చని వల మాత్రం వద్దు, బంతి దాన్ని చింపుకుని పోతుంది. వలని బిగించి కట్టకండి, బిగిస్తే బంతి అంతే వేగంతో తిరిగి మీ మీదకే వస్తుంది. పైన మాత్రం కట్టి, కింద వదిలేసి, పదడుగుల దూరం నుంచి కొట్టండి. కొట్టే ముందు రోజూ చిరుగులు చూసుకోండి, వల వెనకాల మనుషులు గానీ పశువులు గానీ తిరగకూడదు. కొబ్బరితోటలో వల లేకుండా కొట్టాలనిపిస్తుంది చాలామందికి, చెట్టుకి తగిలి బంతి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు, దయచేసి వద్దు. వల లేకపోతే చిల్లులున్న ప్లాస్టిక్ ప్రాక్టీస్ బంతులు వాడండి. ఇదంతా జాగ్రత్త కోసమే అనుకోకండి, ఎవరికైనా తగులుతుందేమో అన్న భయం ఒక మూల ఉన్నంతసేపూ మీ భుజాలు కిందికి దిగవు.

ఈ మూడూ సరిచేసుకున్నాక పట్టు గురించి మాట్లాడుకోవచ్చు.

క్లబ్‌ని ఎడమ అరచేతిలో పెట్టి పట్టుకుంటే ఎంత బిగించినా కదులుతూనే ఉంటుంది, కదులుతోందని ఇంకా బిగిస్తారు. వేళ్ళ మొదట్లో, అరచేతి కిందిభాగం కండ దాని మీద కూర్చునేలా పట్టుకోండి. ఎడమచేతి చివరి మూడు వేళ్ళు, కుడిచేతి మధ్య రెండు వేళ్ళు, పట్టు అంతా ఈ అయిదింటిదే. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఊరికే ఆని ఉండాలి. అవి రెండూ నొక్కడం మొదలుపెడితే ముంజేయి మొత్తం బిగుస్తుంది. నమ్మకం కుదరకపోతే ఆ రెండు వేళ్ళూ పూర్తిగా ఎత్తేసి సగం స్వింగ్‌లు చేసి చూడండి, క్లబ్ ఎక్కడికీ పోదు.

ఎంత బిగించాలి అన్నదానికి ఒక తేలిక పద్ధతి ఉంది. క్లబ్‌ని నిటారుగా ఆకాశం వైపు ఎత్తి పట్టుకోండి, బరువు తెలియదు కాబట్టి వేళ్ళు వాటంతటవే తగ్గుతాయి. ఆ పట్టు మార్చకుండా నెమ్మదిగా బంతి వెనక్కి దించండి. దించేటప్పుడు వేళ్ళు ఎక్కడ బిగిశాయో గమనించండి, బిగిస్తే మళ్ళీ ఎత్తి మొదలుపెట్టండి. ఊరికే పట్టుకున్నది ఒకటి, పిండేసేంత గట్టిగా పట్టుకున్నది పది అనుకుంటే నాలుగు దగ్గర ఉంటే చాలు. అసలు సంగతి అంకె కూడా కాదు, మొదలుపెట్టినప్పుడు ఎంత ఉందో చివరిదాకా అంతే ఉండాలి. చాలామంది నాలుగుతో మొదలుపెట్టి పైకి వెళ్ళాక, కిందికి తిరిగే చోట, తొమ్మిదికి వెళ్ళిపోతారు. స్వింగ్ పాడయ్యేది అక్కడే.

అది ఎందుకు కూడదో అర్థం కావాలంటే సాయంత్రం కాలువ గట్టున విసురువల వేసేవాళ్ళని కాసేపు నిలబడి చూడండి. వల మడతలు చేతుల్లో ఉంటాయి, కానీ పిడికిట్లో ఉండవు. ముందు నడుము తిరుగుతుంది, ఆ వెనక భుజం, ఆ వెనక చెయ్యి, చివరికి అంచున ఉన్న గుళ్ళ బరువే వలని గుండ్రంగా విప్పుతుంది. మధ్యలో చెయ్యి బిగించి లాగితే వల ముద్దగా పడుతుంది. గోల్ఫ్ క్లబ్‌లో కూడా బరువు చివర్లో ఉంది, మీరు చెయ్యాల్సింది నడుము తిప్పి దానికి దారి ఇవ్వడం.

పట్టు కుదిరినా బిగింపు పోలేదంటే అది పైన ఎక్కడో ఉంది. నా అనుభవంలో ముప్పాతిక వంతు దవడలో దొరుకుతుంది. పళ్ళు కరుచుకుని ఉంటే మెడ బిగుస్తుంది, మెడతో భుజాలు, భుజాలతో చేతులు. బంతి ముందు నిలబడ్డాక పళ్ళ మధ్య కాస్త సందు వదలండి, అంతే. ఊపిరి కూడా చూసుకోండి, బంతి చూడగానే ఊపిరి బిగబట్టేవాళ్ళు చాలామంది. ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదిలి, వదలడం పూర్తయ్యేలోపు క్లబ్ కదిలించండి. ఇంకా తెలియకపోతే స్వింగ్ మొత్తం సన్నగా హమ్ చేస్తూ కొట్టండి, ఏ పాటైనా ఫర్వాలేదు. ఎక్కడ గొంతు తెగిందో, ఎక్కడ ఒక్కసారిగా పెద్దదైందో అక్కడే మీరు బిగిస్తున్నారు. పక్కన ఎవరూ లేకుండానే మీ తప్పు మీకు వినిపిస్తుంది, ఇంతకంటే చవకైన కోచింగ్ నాకు తెలియదు.

అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ గత శతాబ్దం మొదట్లో తయారుచేసిన ఒక పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు. వదులు చెయ్యాలంటే ముందు కావాలనే బిగించాలి. భుజాలు చెవులదాకా ఎత్తి అయిదు సెకన్లు ఉంచి ఒక్కసారి వదిలెయ్యండి. పిడికిళ్ళు బిగించి వదలండి. బిగింపు ఎలా ఉంటుందో ఒంటికి గుర్తుంటేనే వదలడం తెలుస్తుంది. ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందు ఇది చెయ్యడం అలవాటు చేసుకుంటే చాలా లాభం.

ఇప్పుడు లయ. సాఫీగా అంటే నెమ్మదిగా అని అర్థం చేసుకుంటారు, అక్కడే చాలామంది దారి తప్పుతారు. 1994లో యూఎస్ ఓపెన్ గెలిచింది దక్షిణాఫ్రికాకి చెందిన ఎర్నీ ఎల్స్, ఆ స్వింగ్‌లో తొందరే కనిపించదు కాబట్టి "బిగ్ ఈజీ" అని పేరు. అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్, పీజీఏ ఛాంపియన్‌షిప్ రెండూ గెలిచింది జింబాబ్వేకి చెందిన నిక్ ప్రైస్, చకచకా తిప్పేసే మనిషి. ఇద్దరిలో ఎవరి చేతుల్లోనూ బిగింపు ఉండదు. మంచి ఆటగాళ్ళలో చాలామందికి వేగం ఎంతైనా, పైకి పోవడానికి పట్టే సమయం కిందికి రావడానికి పట్టే సమయానికి మూడు రెట్లు దగ్గర్లో ఉంటుంది. మీరు చకచకా నడిచే మనిషైతే చకచకానే కొట్టండి, వంతు తప్పకపోతే చాలు.

ఆ వంతు పట్టుకోవడానికి ఇంగ్లిష్ అంకెలు లెక్కపెట్టమంటారు గానీ మనకి పడవవాళ్ళ "హైలెస్సా" ఉండగా అవెందుకు? "హై... లెస్..." అని సాగదీస్తూ పైకి, "సా" అన్నప్పుడు బంతి దగ్గర. పైకి చెప్పండి, సిగ్గుపడకండి. "సా"ని ముందే అనేస్తే మీరు తొందరపడ్డట్టు, గట్టిగా అరిస్తే చేతులతో కొట్టినట్టు. మూడు ముక్కలూ ఒకే గొంతుతో రావాలి.

దీనితోపాటు రెండు కసరత్తులు. ఒకటి, క్లబ్‌ని తిరగేసి తల వైపు పట్టుకుని గాలిలో తిప్పండి, సుయ్ మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు బంతి ఉండాల్సిన చోటా, దాని తర్వాతా గట్టిగా వినపడాలి. కుడి భుజం దగ్గరే వినపడితే పైనుంచే బిగించి కొడుతున్నారన్నమాట. చప్పుడుని ముందుకి జరపడమే పని, ఎలా జరపాలో ఆలోచించకండి, చెవి పెట్టి చేస్తూ పోతే ఒళ్ళే దారి వెతుక్కుంటుంది. రెండోది, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి తొమ్మిదో ఐరన్‌తో (పొట్టి ఐరన్‌లలో ఒకటి) సగం స్వింగ్‌లు. కాళ్ళు దగ్గరగా ఉన్నప్పుడు బలం చూపించబోతే తూలిపోతారు, కాబట్టి ఒళ్ళు తానే తగ్గుతుంది. ఈ రెండూ బాగా వచ్చేదాకా డ్రైవర్ అనే క్లబ్ బయటికి తీయకండి. ఇది కొంచెం కఠినంగానే చెబుతున్నాను, ఎందుకంటే సంచిలో అన్నిటికంటే పొడవైన క్లబ్ అదే, చేతికి రాగానే అందరికీ దూరం మీద ఆశ పుడుతుంది, ఆశతోపాటు బిగింపూ వస్తుంది. మన దేశం నుంచి టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ దూరం కొట్టేవాళ్ళలో ఒకరు కాదు, బంతి ఎక్కడికి పోవాలో అక్కడికి పంపడం, పట్టింగ్ (చివర్లో బంతిని గుంతలోకి దొర్లించడం), వీటితోనే పతకం అంచుదాకా వెళ్ళింది.

బంతి లేనప్పుడు అద్భుతంగా ఉన్న స్వింగ్ బంతి పెట్టగానే మాయమవుతోందా? ఇలా అడిగిన ఒక బావమరిదికి, ఆట వచ్చిన బావ చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. "బావా, బంతి కనపడగానే భుజం పట్టేస్తోంది." "అయితే బంతిని కొట్టకు బావా, స్వింగ్ చేసే దారిలో అది ఉండనీ." చేసి చూపించడం తేలిక: పట్టా మీద ఒకే వరసలో అయిదారు బంతులు జానెడు ఎడంతో పెట్టండి. ఆగకుండా, ఊపుతూనే, చిన్న అడుగు వేస్తూ ఒకదాని తర్వాత ఒకటి పంపండి. ఆలోచించే వ్యవధి ఉండదు, మూడో బంతికల్లా చేతులు దిగుతాయి. మామూలుగా కొట్టేటప్పుడు కూడా బంతి మీద శిల్పంలా నిలబడిపోకండి, క్లబ్ తలని కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ, పాదాలు సర్దుకుంటూ, ఆ కదలికలోంచే స్వింగ్ మొదలుపెట్టండి. కదలకుండా నిలబడే ప్రతి సెకనూ కండరం బిగుస్తూ ఉంటుంది.

గట్టు మీద జనం సంగతి. ఊళ్ళో ఎవరైనా కొత్త ఆట ఆడుతుంటే చూడ్డానికి వస్తారు, "ఏవండీ, ఇంతకీ అది ఎంత దూరం పోవాలండీ" అని అడుగుతారు, ఆయ్, అడగనివ్వండి. వాళ్ళని తప్పించుకోవాలని చూస్తే ఇంకా బిగుస్తారు. ముందే పలకరించి, ఇది ప్రాక్టీసు, దూరం కోసం కాదు అని చెప్పేసి, ఒకరికి క్లబ్ ఇచ్చి తిప్పించండి. అక్కడితో మీ మీద చూపు తగ్గి ఆట మీదకి పోతుంది. సలహాలు మాత్రం ఒక్కరి దగ్గరే తీసుకోండి. పెదనాన్న ఒకటి, అమెరికా బావగారు వీడియో కాల్‌లో ఇంకొకటి, ఫోన్‌లో చూసిన కోచ్ మరొకటి చెబితే ఒకే స్వింగ్‌లో ఆరు సంగతులు గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది, అలా బుర్ర నిండా పెట్టుకుని ఒళ్ళు వదులుగా ఉంచడం ఎవరి వల్లా కాదు. ఒక రోజుకి ఒక్క సంగతి.

అసలు కోర్సులో ఆడాలంటే మన వైపు వాళ్ళు విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కో హైదరాబాద్‌కో వెళ్తుంటారు. గంటల తరబడి కారులో కూర్చుని దిగి నేరుగా మొదటి టీ మీదకి, అంటే ఆట మొదలుపెట్టే చోటికి, వెళ్తే నడుము తిరగదు, నడుము తిరగకపోతే ఆ పని చేతులు మీద వేసుకుంటాయి. కనీసం అరగంట ముందు చేరుకోండి. పది నిమిషాలు నడవండి, క్లబ్‌ని భుజాల వెనక అడ్డంగా పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పండి, పొట్టి క్లబ్‌తో చిన్న స్వింగ్‌లతో మొదలుపెట్టండి. మొదటి టీ దగ్గర అందరూ చూస్తుంటారు, అక్కడ డ్రైవర్ తప్పనిసరి అని ఏ రూలూ లేదు, ఏడో ఐరన్‌తో కొట్టినా ఆట ఆటే. ఎంచుకున్న క్లబ్‌తో ముప్పాతిక స్వింగ్ చేసి, చివర్లో ఎడమకాలి మీద నిలబడి బంతి ఆగేదాకా తూలకుండా ఉండగలిగితే ఆ షాట్ ఎటు పోయినా మంచిదే అనుకోండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య నడిచేటప్పుడు గ్లవ్ తీసేసి వేళ్ళు విదిలించుకుంటూ నడవండి, క్లబ్‌ని చేతిలో బిగించి మోసుకుంటూ వెళ్ళకండి.

మోచేతి దగ్గర నొప్పి, వేళ్ళు తిమ్మిరెక్కడం ఉంటే ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి, నొప్పి ఉన్న చెయ్యి తనని తాను కాపాడుకోవడానికి బిగుస్తుంది, దానికి ఏ కసరత్తూ పనిచెయ్యదు.

సార్వా నాట్లు మొదలై చేలల్లో నీళ్ళు నిలిచాక, తోటలో బురదయ్యాక నాలుగు నెలలు ఆట పోయినట్టే అనుకోనక్కర్లేదు. వసారాలో ఫ్యాన్‌కీ దూలానికీ తగలనంత జాగా చూసుకుని, తువ్వాలు చివర ముడి వేసి క్లబ్‌లా పట్టుకుని తిప్పండి. ముడి ముందు మీ వీపుకి మెత్తగా తగలాలి, ఆ తర్వాతే కిందికి రావాలి. తొందరపడి చేతులు బిగించి లాగితే తువ్వాలు మధ్యలో నలిగిపోయి వెంటనే తెలిసిపోతుంది. వాన వెలిసిన రోజు పట్టా ఆరబెట్టుకుని, బంతి లేకుండా ఓ ఇరవై స్వింగ్‌లు, తర్వాత బంతులు.